మంత్రసానికి పరిశోధన ఎందుకట!



ఈసారి టపా ఛందస్సు గురించి కాదు, సామెతల గురించీ కాదు. ముప్పయ్యేళ్ళు సంధులూ సమాసాలూ చెప్పుకొని బతికిన తెలుగు పంతులుకు పురిటిగదితో ఏం పని అని మీరు అడగవచ్చు. మొన్న మా తొగుటలో, మా ఇంటి అరుగు మీద జరిగిన ఒక వాదం నన్ను రెండు రాత్రులు నిద్ర పోనివ్వలేదు. అందుకని రాస్తున్నాను. కొంచెం ఘాటు ఎక్కువైతే పెద్దవాడి కోపమని క్షమింతురు గాక.

మా అన్నగారి మనుమరాలు నర్సింగులో పట్టా పుచ్చుకొని ఇప్పుడు ప్రసూతి విభాగంలో ఎమ్మెస్సీ చదువుతున్నది. సెలవులకు వచ్చింది. చేతిలో అట్ట చిరిగిన లావుపాటి పుస్తకం. పరిశోధన సిద్ధాంతాలు, పద్ధతులు, గణాంకాలు. అరుగు మీద కూర్చొని పెదవులు కదుపుతూ వల్లె వేస్తున్నది. అప్పుడే వచ్చారు మా లెక్కల సారు. నాతోపాటే పదవీ విరమణ చేసిన మిత్రులు, మంచివారు. పుస్తకం తిరగేసి నవ్వారు.

"గీ పిల్లకు గీ పరిశోధన ఎందుకు పంతులూ? పురుడు పోసేటోళ్ళకు హస్తవాసి ఉంటే సాలదా? డాక్టరు చెప్పుతడు, వీళ్ళు చేస్తరు. మంత్రసానితనం ఒప్పుకున్నంక ఏది వస్తే అది పట్టుడే గద!"

ఆ మాట అన్నది జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి కావడం నన్ను ఎక్కువ నొప్పించింది. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవలసింది కాదు. ఆయనకు చెప్పవలసిన జవాబు ఇక్కడ చెప్తున్నాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, అంటే 1968లో, మా అమ్మకు మా ఇంట్లోనే పురుడు వచ్చింది. మా వాడకట్టు మంత్రసాని హస్తవాసికి పేరు పడ్డ మనిషి. చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఆమె చేతుల మీదుగా భూమి మీద పడ్డవాళ్ళు కొన్ని వందలమంది ఉంటారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. తమ్ముడు పుట్టాడు. ఇంట్లో గడ్డి కోసే కొడవలితో బొడ్డు కోసింది, పిడక బూడిద అద్దింది, నీళ్ళు పోసింది, చీరె పెట్టించుకొని వెళ్ళింది. అయిదు రోజులు బిడ్డ చక్కగా పాలు తాగాడు. ఆరోనాడు దవడలు బిగిశాయి. ఏడోనాడు ఒళ్ళంతా విల్లులా వంగింది. ఎనిమిదోనాడు మా నాయన చిన్న గుడ్డమూటతో చెరువువైపు వెళ్ళడం చూశాను. ఎనిమిదోనాటి గండం అన్నారు. గ్రహమన్నారు. మా అమ్మ నోములో ఏదో లోపం జరిగిందని కూడా అన్నారు. ఆమె ఆ మాట చనిపోయేదాకా మోసింది.

అది ధనుర్వాతం. దాని క్రిమిని కితసాటో అనే జపాను శాస్త్రవేత్త 1889లోనే వేరుచేసి చూపాడు. ఆ వార్త మా ఊరి పురిటిగదికి చేరడానికి ఎనభై ఏళ్ళు చాలలేదు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న అడుగుతాను. వందల పురుళ్ళు పోసిన ఆ తల్లికి కొడవలికీ ఆ చావుకూ సంబంధం ఎందుకు తెలియలేదు? తెలివి తక్కువై కాదు. బిడ్డ అడ్డం తిరిగితే కడుపు మీద చెయ్యి పెట్టి చెప్పగల మనిషి ఆమె. కోసిన నాటికీ దవడ బిగిసిన నాటికీ నడుమ ఆరు రోజులు ఉన్నాయి. అప్పటికి ఆమె మరో ఊళ్ళో మరో పురుట్లో ఉంటుంది. అదే కొడవలితో కోసిన పక్కింటి బిడ్డ బతికి బట్టకట్టాడు. బతికినవాళ్ళు రోజూ కళ్ళ ముందు తిరుగుతారు, పోయినవాళ్ళను ఎవరూ తలవరు. అనుభవం ఎంత గొప్పదైనా ఈ రకం శత్రువును పట్టుకోలేదు. కొడవలితో కోసిన ఇళ్ళెన్ని, మరిగించిన బ్లేడుతో కోసిన ఇళ్ళెన్ని, ఒక్కో వైపు ఎందరు పోయారు అని ఎవరో ఒకరు కూర్చొని రాస్తే తప్ప అది కనపడదు. ఆ రాయడం పేరే పరిశోధన. సారూ, హస్తవాసి సంగతి మా అమ్మను అడగవలసింది.

ఇది మనకు తెలియని విద్య కూడా కాదు. తర్కశాస్త్రంలో అన్వయవ్యతిరేకాలు అని చదువుకున్నాం. ఇది ఉన్నచోట అది ఉండడం అన్వయం. ఇది లేనిచోట అది లేకపోవడం వ్యతిరేకం. రెండూ చూపితే గాని కారణమని ఒప్పుకోరాదన్నారు. చరకుడు ప్రత్యక్షానుమానాలతోపాటు యుక్తిని కూడా ప్రమాణంగా చెప్పాడు. అయితే మనవాళ్ళు అన్నీ ఎప్పుడో కనిపెట్టేశారని ఛాతీ చరచుకునే ధోరణి నాకు పడదు. అన్వయవ్యతిరేకాలు కంఠస్థం చేసిన పండితులు మా వంశంలోనే ముగ్గురు ఉన్నారు. వారిలో ఒక్కరు కూడా వాటిని మంత్రసాని కొడవలి దాకా తీసుకుపోలేదు. ఘటమూ పటమూ దగ్గరే ఆగిపోయారు. పురిటిగది మైలకదా!

మైల పట్టని వియన్నాలో ఏం జరిగిందో చూడండి. ఆ నగరపు పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల వార్డులు ఉండేవి. మొదటిదానిలో వైద్యవిద్యార్థులు పురుళ్ళు పోసేవారు, రెండోదానిలో మంత్రసాని విద్యార్థినులు. 1846లో మొదటి వార్డులో నూటికి 11 మందికి పైగా బాలింతలు సూతికాజ్వరంతో చనిపోయారు. రెండోదానిలో ముగ్గురి కన్న తక్కువ. ఏ రోజు వచ్చిన గర్భిణిని ఏ వార్డులో చేర్చాలన్నది వంతుల ప్రకారం జరిగేది. మొదటి వార్డు వంతు రోజున వచ్చినవాళ్ళు అక్కడ చేర్చవద్దని మోకాళ్ళ మీద పడి వేడుకునేవారట. పామర స్త్రీలకు తెలిసిన సంగతి ఆచార్యులకు తెలియలేదు. సెమ్మెల్‌వైస్ అనే యువవైద్యుడు మాత్రం తేడా ఏమిటా అని తల బద్దలు కొట్టుకున్నాడు. 1847లో అతని మిత్రుడొకడు శవపరీక్షలో కత్తి గాటు పడి అదే లక్షణాలతో చనిపోయాక అర్థమయింది: వైద్యవిద్యార్థులు శవాలగది నుంచి నేరుగా కాన్పుల గదికి వస్తున్నారు, మంత్రసానులకు శవాలతో పని లేదు. క్లోరిన్ సున్నపు నీళ్ళతో చేతులు కడిగించాడు. మరుసటి ఏడాదికి మొదటి వార్డులో చావులు నూటికి ఒకటి చిల్లరకు దిగాయి. పెద్దలు ఒప్పుకోలేదు, 1865లో అతడు పిచ్చాసుపత్రిలో పోయాడు. ఈ కథ అందరూ చెప్తారు. ఎవరూ చెప్పని మాట ఒకటున్నది. ఆ మంత్రసానుల వార్డే లేకపోతే సెమ్మెల్‌వైస్‌కు పోల్చి చూసుకునే దిక్కే లేదు. వైద్యచరిత్రలో అంత పెద్ద వ్యతిరేక దృష్టాంతం వాళ్ళు! కాని వాళ్ళకు లెక్క రాయడం ఎవరూ నేర్పలేదు కనుక తామే ఆ సాక్ష్యమని వాళ్ళకు తెలియదు.

నేర్పితే ఏమవుతుందో కూడా చూద్దాం. కాన్పు సమయంలో దారి వెడల్పు చేయడానికి కోత పెట్టి కుట్లు వేయడం మీ అందరి ఇళ్ళలో ఆడవాళ్ళకు తెలిసిందే. తొలిచూలు అయితే చాలు, అవసరం ఉన్నా లేకున్నా కోసేవారు. ఇంగ్లండులో జెన్నిఫర్ స్లీప్ అనే మంత్రసానికి సందేహం వచ్చింది. వెయ్యిమంది తల్లులను చీటీలు తీసినట్టు రెండు పక్షాలుగా విడదీసి, ఒక పక్షంలో తప్పనిసరి అయితేనే కోయాలని, మరో పక్షంలో ధారాళంగా కోయవచ్చునని నియమం పెట్టించింది. ఒకవైపు నూటికి పదిమందికి, మరోవైపు సగంమందికి కోత పడింది. పది రోజులకు, మూడు నెలలకు అడిగి చూస్తే నొప్పిలో తేడా లేదు. 1984లో ఆ ఫలితం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అలవాటుగా కోత పెట్టవద్దనే చెప్తున్నది. కోటానుకోట్ల స్త్రీల శరీరాల మీద కత్తిని ఆపిన వాదంలో ఒక మంత్రసాని పేరు మొదట ఉన్నది. సారూ, ఆమెకూ హస్తవాసి ఉండే ఉంటుంది. కత్తిని ఆపింది మాత్రం అది కాదు.

ఇక మన రాష్ట్రం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు పెద్దాపరేషన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. దేశం మొత్తం మీద 21.5. ముహూర్తం పెట్టించుకొని కడుపు కోయించుకునేవాళ్ళున్నారని తిట్టిపోస్తున్నాం; తిట్టవలసిందే, పంచాంగం చూసే మా వర్గంవారిని ముందు తిట్టవలసిందే. కాని ముహూర్తంతోనే అంత సంఖ్య అవుతుందా? రాబ్సన్ అనే వైద్యుడు 2001లో గర్భిణులను పది వర్గాలుగా విడదీసే పద్ధతి చెప్పాడు. తొలిచూలా, ముందు ఆపరేషన్ అయిందా, నెలలు నిండాయా, నొప్పులు వాటంతట అవే వచ్చాయా, బిడ్డ తల కిందికి ఉన్నదా అని. ఏ వర్గం నుంచి ఆపరేషన్లు ఎక్కువ వస్తున్నాయో తెలిస్తే చికిత్స తెలుస్తుంది. తొలిచూలు కోతే మలిచూలు కోతకు తోవ తీస్తున్నదా, లేక నొప్పులు రాకముందే కోస్తున్నారా? 60.7 అన్న ఒక్క అంకె పట్టుకొని ఉపన్యాసాలివ్వడం జ్వరం ఎంతో చెప్పి రోగం పేరు చెప్పకపోవడం వంటిది. ఆ పట్టిక నింపవలసిన చేయి నర్సుది. పట్టిక ఎందుకో తెలియని చేయి ఎట్లా నింపుతుంది?

మరొకటి. నొప్పులు మొదలయ్యాక గర్భాశయ ముఖం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలని, లేకుంటే ప్రగతి లేదని రాసే అలవాటు దశాబ్దాలుగా ఉండేది. అది బ్రహ్మ రాసిన రాత అనుకున్నారు. ఫ్రీడ్‌మన్ అనే అమెరికా వైద్యుడు 1955లో న్యూయార్కులో 500 మంది తొలిచూలు తల్లులను గమనించి గీసిన గీతలో దాని మూలమున్నది. వారిలో సగానికి పైగా స్త్రీలకు పటకారు వేసి బిడ్డను తీశారు. ఆ అయిదువందల మంది దుబ్బాక, గజ్వేలు ఆడవాళ్ళకు ప్రతినిధులా? వాళ్ళ నొప్పుల వేగం వీళ్ళకు శాసనమా? ఈ ప్రశ్నకే ప్రతిచయనం అని పేరు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ గంటకో సెంటీమీటరు కొలబద్దను వద్దన్నది; అయిదు సెంటీమీటర్లు తెరుచుకున్నాకనే అసలు నొప్పుల దశ లెక్కపెట్టమన్నది. ఈలోగా ఎందరు ఆపరేషను బల్ల ఎక్కారో!

ఇంతవరకు సారుకు జవాబు. ఇప్పుడు మా పిల్ల చదువుతున్న తీరు చెప్తే మీరు సారు పక్షానికి మారిపోతారేమోనని భయంగా ఉన్నది.

ఆమె అడిగింది చిన్న ప్రశ్న. తాను పనిచేసిన వార్డులో "ప్రగతి లేదు" అని రాసి ఆపరేషనుకు పంపిన తొలిచూలు తల్లులలో ఎందరు అప్పటికి అయిదు సెంటీమీటర్లు కూడా దాటలేదు? రిజిస్టర్లు చూసి, వీలైతే ఆ తల్లులతో మాట్లాడి రాయాలని ఆమె ఆశ. మార్గదర్శకులు ఏమన్నారు? "అది పెద్దవాళ్ళ వ్యవహారం, అనుమతులు రావు, నీకు మార్కులు కావాలా, గొడవ కావాలా" అన్నారట. చివరికి ఆమెకు ఇచ్చిన శీర్షిక ఇది: ఎంపిక చేసిన కళాశాలలోని విద్యార్థినులలో ఫలానా విషయంపై గల పరిజ్ఞానమునందు నిర్మాణాత్మక బోధనా కార్యక్రమము యొక్క ప్రభావశీలతను మదింపు చేయు ఒక అధ్యయనము.

నేను పడి పడి నవ్వాను. తరవాత ఏడుపొచ్చింది. ఆమె సీనియర్ల గ్రంథాలు నాలుగు తెచ్చి చూపింది. నాలుగింటికీ అదే శీర్షిక! పురోహితుడు సంకల్పంలో గోత్రనామాలు మార్చినట్టు ఊరి పేరూ రోగం పేరూ మార్చారు. పట్నంలో ఒక కంప్యూటరు దుకాణంలో డబ్బు కడితే అట్టతో సహా ఇస్తారట. ఇక లోపల సరుకు. ముందు ఒక పరీక్ష పెడతారు. గంటసేపు పాఠం చెప్తారు. తరవాత అదే ప్రశ్నపత్రంతో మళ్ళీ పరీక్ష. మార్కులు పెరుగుతాయి. పెరగక చస్తాయా! పొద్దున గుణసంధి చెప్పి సాయంత్రం గుణసంధి అడిగితే మా ఏడో తరగతి మొద్దబ్బాయి కూడా చెప్పేవాడు. రెండు నెలల తరవాత అడిగారా? పాఠం విననివాళ్ళను పక్కన పెట్టి పోల్చారా? ఆ పాఠం వల్ల ఒక్క తల్లికైనా నొప్పుల్లో చేయి పట్టుకునే మనిషి దొరికిందా? ఏమీ లేదు. ఆశ్చర్యం ఏమిటంటే, ఇటువంటి అధ్యయనంలో ఉండే లోపాలన్నీ ఆమె వల్లె వేస్తున్న పుస్తకంలోనే పన్నెండో అధ్యాయంలో ఉన్నాయి. కంఠస్థం చేస్తున్న నోటికీ రాస్తున్న చేతికీ సంబంధం లేదు.

అధ్యాపకులను మాత్రమే తిట్టి లాభం లేదని నాకు తెలుసు. ఒక్కొక్కరి నెత్తిన పదేసిమంది విద్యార్థులు, గడువు తేదీలు, తనిఖీలు. కాని గడువు కోసం అబద్ధపు పరిశోధన చేయించడం కన్న చేయించకపోవడం మేలు. పరిశోధన అంటే తెలిసిన జవాబుకు ప్రశ్న తయారుచేయడం అనే పాఠం అయినా తప్పుతుంది.

గొడవ లేకుండా పెద్ద ప్రశ్న అడగలేమా? మా పొరుగున, ప్రాణహిత అవతల గడ్చిరోలి ఉన్నది. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్ళకే పసిబిడ్డల సంరక్షణ నేర్పారు. పెద్ద చదువులవాళ్ళు కారు వాళ్ళు. బిడ్డ బరువు తూచడం, ఊపిరి లెక్కపెట్టడం, ప్రతి పుట్టుకా ప్రతి చావూ రాయడం. 39 ఊళ్ళలో ఆ సంరక్షణ జరిగింది, పోల్చడానికి 47 ఊళ్ళు. మూడో ఏటికి నవజాత మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అచ్చువేసింది. పల్లెటూరి స్త్రీ రాసిన లెక్కతో దేశపు విధానం మారింది. మన దగ్గరా శుభారంభం లేకపోలేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు ఫెర్నాండెజ్ ఆసుపత్రితోనూ యునిసెఫ్‌తోనూ కలిసి నర్సులకు 18 నెలల మంత్రసాని శిక్షణ మొదలుపెట్టింది. 2018 చివర కేంద్రమూ దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది. ఆ నర్సులకు కాన్పు చేసే స్వాతంత్ర్యం ఇస్తున్నాం. ప్రశ్న అడిగే స్వాతంత్ర్యం కూడా ఇస్తేనే ఆ చదువు నిలుస్తుంది.

ప్రశ్నలకు కరువా? మా మండలంలోనే చూడండి. మల్లన్నసాగర్ కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్ళు పోయాయి. 2022లో జలాశయం ప్రారంభమయింది. ఇండ్లు లెక్కపెట్టారు, చెట్లు లెక్కపెట్టారు, బావులు లెక్కపెట్టారు. నిండు గర్భంతో ఊరు విడిచిన ఆడబిడ్డ ఏ దవాఖానకు పోయింది, ఎట్లా కన్నది అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. ఇది ఒక మంత్రసాని విద్యార్థినికి తగిన ప్రశ్న కాదా?

భాష సంగతి చెప్పకుండా పోతే నేను తెలుగు పంతులునే కాను. మా పిల్ల పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. "నల్ హైపాథసిస్" అన్న మాటను ఆరు నెలలుగా మంత్రంలా జపిస్తున్నది, అర్థం అడిగితే బిక్కమొహం వేసింది. "శూన్య పరికల్పన" అంటే మాత్రం ఏం తెలుస్తుంది? అకాడమీవారు 1968 నుంచి పారిభాషిక పదాలు పోతపోస్తూనే వచ్చారు, మంచిదే. నేను ఆమెతో ఇట్లా అన్నాను: "బిడ్డా, రెండు పద్ధతుల నడుమ తేడా ఏమీ లేదు అని ముందు పూర్వపక్షం నిలబెట్టు. దాన్ని నీ లెక్కలు పడగొట్టగలవో లేదో చూడు. నిజంగా తేడా లేకపోయినా నీకు కనపడ్డంత తేడా కాకతాళీయంగా రావచ్చు గదా, కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒక్కసారే అయినట్టు. అట్లా రావడానికి ఎంత అవకాశముందో చెప్పేదే నీ పుస్తకంలోని ఆ 'పీ విలువ'." పిల్ల కళ్ళు పెద్దవి చేసి చూసింది. "గింతేనా తాతా?" అన్నది. అంతే! పూర్వపక్షమూ కాకతాళీయమూ మన ఇంటి మాటలు. ఇంట్లో ఉన్న దీపం వెలిగించుకోక చీకటి అని ఏడుస్తున్నాం.

ఇంతకూ ఆమె ఏం చేసిందంటారా? మరో అధ్యాపకురాలిని పట్టుకున్నది. రిజిస్టర్ల ప్రశ్నకే దరఖాస్తు పెట్టింది. నైతిక సంఘం అనుమతి ఇంకా రాలేదు. పరిశోధనలో పాల్గొనేవారికి తెలిసిన భాషలోనే వివరం చెప్పి అంగీకారం తీసుకోవాలని 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెప్తున్నాయి. కాని వాళ్ళ కళాశాల ఇచ్చిన తెలుగు అంగీకారపత్రంలో "స్వచ్ఛంద భాగస్వామ్య ఉపసంహరణ హక్కు" అని ఉన్నది. నాకే రెండుసార్లు చదవవలసి వచ్చింది. ఆ పత్రం తిరగరాసే పని నా మీద పడింది. "మీకు ఇష్టం లేకుంటే ఎప్పుడైనా వద్దనవచ్చు. వద్దన్నంత మాత్రాన మీ వైద్యానికి ఏ లోటూ రాదు" అని రాశాను. మొన్న సాయంత్రం మా పక్కింటి కోడలికి, ఏడో నెల ఆమెకు, చదివి వినిపించాను. మొదటి పేరా అర్థమయిందట. రెండోది చదువుతుంటే ఆపింది.

"గది మల్లోసారి చదువుండ్రి సారూ. నా పేరు ఎవలకు చెప్పరని ఉన్నదా, చెప్తరని ఉన్నదా?"

చెప్పరనే రాశాను. ఆమెకు అట్లా వినపడలేదు. ఆ పేరా మళ్ళీ రాస్తున్నాను.